పొడుగు లేకుండా జడెలా వేస్తారు?

ఎడిటర్ గారికి,

జుట్టును బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అమెరికాలో 2019లో కాలిఫోర్నియా మొదటగా ‘క్రౌన్’ చట్టం తెచ్చింది. టెక్సస్‌లో అలాంటిదే 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా దాని ముందురోజే, హ్యూస్టన్‌కు దగ్గర్లోని మాంట్ బెల్వ్యూలో ఒక నల్లజాతి కుర్రాణ్ని హైస్కూల్ వాళ్లు సస్పెండ్ చేశారు. డ్రెడ్‌లాక్స్‌ని, అంటే తాళ్లలా పేనుకున్న జుట్టు పాయల్ని, అతను నడినెత్తిన ముడి వేసుకునేవాడు. ముడి కాలర్‌కి తగల్లేదు, చెవుల మీద పడలేదు. అయినా విప్పితే కిందికి దిగుతుంది కదా అన్నారు! మగపిల్లల జుట్టు, విప్పినప్పుడు కూడా, కనుబొమలు, చెవి తమ్మెలు, చొక్కా కాలర్ దాటకూడదట. దాంతో ఆ ఏడాది చాలావరకు అతను క్లాసుకు దూరంగానే ఉన్నాడు.

విడ్డూరమేమిటంటే, 2020లో ఇదే బడిలో ఇంకో కుర్రాణ్ని జుట్టు కత్తిరించుకుంటేనే గ్రాడ్యుయేషన్‌కి రానిస్తామన్నారు. టెక్సస్‌లో ఈ చట్టం రావడానికి ఆ గొడవ కూడా ఒక కారణం.

సస్పెండైన కుర్రాడి విషయం కోర్టుకెక్కితే, 2024 ఫిబ్రవరిలో జడ్జి బడి పక్షానే తీర్పిచ్చారు. చట్టంలో జడలు, డ్రెడ్‌లాక్స్, మెలికలు అని రాశారు గానీ పొడుగు ఊసు లేదు కాబట్టి బడి రూలు చెల్లుతుందట. పొడుగు లేకుండా జడ ఎలా పడుతుందో ఆడపిల్లలకు పొద్దున్నే తల దువ్వే ఏ అమ్మని అడిగినా చెప్పేది. పైగా అదే బడిలో ఆడపిల్లలకు ఈ కొలత లేదు. అక్కడి విద్యాధికారి అయితే పేపర్లో ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చి మరీ రూలును సమర్థించుకున్నారు. పిల్లాడి జుట్టుకి ఫుల్‌పేజీ!

హ్యూస్టన్ చుట్టుపక్కల మన పిల్లలు కూడా చాలామంది చదువుతున్నారు. ఇక్కడ మాత్రం తక్కువ తిన్నామా? పిల్లలు జుట్టు పెంచారని, ప్రేయర్‌కి ఆలస్యమైందని టీచర్లే కత్తెర పట్టిన వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. జుట్టు కత్తిరించడం వేధింపా, క్రమశిక్షణా అని ప్రతిసారీ వాదన మొదలవుతుంది.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక్క సర్క్యులర్‌తో ఆ వాదన తెంచేయొచ్చు. పిల్లల తల మీద టీచరు గానీ వార్డెన్ గానీ కత్తెర పెట్టకూడదు. పేలున్నాయనుకుంటే ఇంటికి కబురు పంపాలి. పుట్టువెంట్రుకల మొక్కున్న పిల్లల్ని జుట్టు పేరుతో క్లాసు బయట నిలబెట్టకూడదు. జుట్టు పొడుగు సంగతి కూడా అందులోనే రాయాలి, టెక్సస్‌లోలా వదిలేయకుండా.

– ఒక పాఠకురాలు, హనుమకొండ