దేవమాలి కొండలకు ఇంకో తారురోడ్డు వద్దు, గేట్లు పెట్టండి

సంపాదకుల వారికి,
నమస్కారం.

సాలూరు ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ వైపు వచ్చే పర్యాటకుల కోసం కోరాపుట్ జిల్లాలో ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడల్లా ముందు వినిపించేది రోడ్డు మాటే. దేవమాలి విషయంలో ఆ ముచ్చట తీరింది. 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన ఆ కొండ మీదికి ఇవాళ కారులోనే వెళ్లిపోవచ్చు. వెళ్లినవాళ్లు రోడ్డు చివర ఆగితే బాధ లేదు. ఫొటో కోసం బండిని గడ్డి మీదికి ఎక్కిస్తున్నారు.

ఆ గడ్డి సంగతి తెలిసినవాళ్లు ఆ పని చేయరు. ఈ కొండల నెత్తిన లాటరైటు (ఎర్రటి గరుకు రాయి), బాక్సైటు పొర ఉంటుంది, దాని మీద మట్టి చాలా పలచన. ఉన్న కాస్త మట్టినీ పట్టి ఉంచేది గడ్డి వేళ్లే. నాలుగు బళ్లు ఒకే చోట తిరిగితే గడ్డి చచ్చి గాడి పడుతుంది. జూన్ వానలకు నీళ్లు ఆ గాడినే కాలువ చేసుకుంటాయి. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అక్కడ మట్టి ఉండదు, రాయి తేలుతుంది. మళ్లీ గడ్డి మొలవడానికి ఏమీ మిగలదు.

మా విన్నపం ఒక్కటే. చుట్టుపక్కల కొండలకు, అడవులకు కొత్తగా తారు, సిమెంటు వేయకుండా, ఉన్న మట్టిదారుల్లో కొన్నిటిని మోటారు బళ్లు రాని దారులుగా ప్రకటించి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేయాలి. కొత్తగా కొండ తవ్వాల్సిన పని లేదు. అడవిలో కలప కొట్టి తరలించడానికి వేసిన పాత కూపు దారులు ఉన్నాయి, అటవీశాఖ మంటలు పాకకుండా శుభ్రం చేసే ఫైర్ లైన్లు ఉన్నాయి, కాఫీ తోటల పక్క బాటలు ఉన్నాయి. ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి: గూడేనికి వెళ్లే దారికి తారు వద్దని మేము అనడం లేదు. పురుటి నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో మోసుకొచ్చే పరిస్థితి ఏ ఊరికీ ఉండకూడదు. ఊరు లేని చోట, కేవలం చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం వేసే రోడ్డు గురించే ఈ లేఖ.

మట్టి, గులక దారుల మీద తొక్కే గ్రావెల్ సైకిల్ అనగానే లక్ష రూపాయల వేడుక అని కొట్టిపారేసేవాళ్లున్నారు. దాని టైరు వెడల్పు 40 నుంచి 45 మిల్లీమీటర్లు. పాలక్యాన్లు వేలాడదీసుకుని తిరిగే పాత రోడ్‌స్టర్ సైకిల్‌కి ఉండే 28×1½ టైరు వెడల్పూ దాదాపు అదే 40. అంటే ఈ దారులు ఎవరికి బాగుంటాయో చెప్పనక్కర్లేదు. సంతకెళ్లే సైకిల్‌కీ, బడికెళ్లే పిల్లల సైకిల్‌కీ, విశాఖ నుంచి వచ్చే సైకిల్‌కీ కావాల్సింది ఒకటే నేల. అదేమీ నున్నగా ఉండక్కర్లేదు. డెబ్బై కిలోల మనిషి ట్యూబు లేని 40 టైరులో 30 నుంచి 35 పౌండ్ల గాలి పెట్టుకుంటే చిన్న గులకరాళ్ల దెబ్బ టైరే మింగేస్తుంది. రోడ్డు సైకిల్ అలవాటుతో 60 పెడితే మాత్రం ప్రతి రాయికీ ఎగిరిపడతారు, పట్టు దొరకదు. మా దగ్గర టైర్లను పాడుచేసేది లాటరైటు అంచు. ముల్లు దిగితే లోపల పోసిన సీలెంటు ద్రవం రంధ్రాన్ని మూసేస్తుంది, టైరు పక్క గోడ చీరితే మూయలేదు, అప్పుడు లోపల ట్యూబు వేసుకోవాల్సిందే. సిమిలిగుడ కొట్లో దొరికే రోడ్‌స్టర్ ట్యూబు వాల్వు లావు, సన్న వాల్వు రిమ్ము రంధ్రంలో అది దూరదు. వచ్చేవాళ్లు రెండు ట్యూబులు వెంట తెచ్చుకోవాలి. దారి మొదట్లో పెట్టే బోర్డు మీద అధికారులు ఈ మాట కూడా రాయించాలి. సెల్ఫీ పాయింట్ బోర్డుకన్నా అది ఎక్కువ ఉపయోగం.

ఇక గేటు. అన్నిటికన్నా చిక్కు ఇక్కడే. కార్లను ఆపడం తేలిక, మోటారు సైకిల్‌ను ఆపడమే కష్టం. మామూలుగా అడ్డంగా ఒక గొట్టం పెడతారు, బండిని పక్కకు వంచి కింద నుంచి తోసుకుపోతారు. మా సూచన: గొట్టం గేటు పక్కన మనుషులకు 60 సెంటీమీటర్ల సందు వదలాలి, ఆ సందుకు అటూ ఇటూ నేల మీద 1.2 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభాలు పాతాలి. మామూలు మోటారు సైకిల్ హ్యాండిల్ 70 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది, స్తంభానికి తగిలి ఆగిపోతుంది. సైకిల్ హ్యాండిల్ దూరిపోతుంది. వెడల్పు హ్యాండిల్ ఉన్న మౌంటెన్ సైకిల్ అయితే కాస్త వంచి లాక్కోవాలి. స్తంభం ఎత్తు కూడా లెక్కే. అంతకన్నా పొట్టిగా ఉంటే మోటారు సైకిల్ హ్యాండిల్ పైనుంచి దాటిపోతుంది. మరీ పొడుగైతే భుజాన కావడి ఉన్న మనిషి ఇరుక్కుంటాడు, నెత్తిన కట్టెల మోపు ఉన్న ఆవిడ పక్కకు తిరిగి నడవాలి. 1.2 మీటర్లయితే కావడి బద్ద, మోపు రెండూ పైనుంచి పోతాయి. గేటు పక్క నుంచి చుట్టుతిరిగి పోకుండా ఇద్దరు మనుషులు కదపలేని బండలు రెండు వైపులా వేయాలి. అవి లేకపోతే మొత్తం ఖర్చు దండగ. గేటు తాళం ఒకటి ఊళ్లోని అడవి కాపుదల సంఘమైన వన సురక్షా సమితి దగ్గర, ఇంకొకటి అటవీ గార్డు దగ్గర ఉండాలి, మంట వచ్చినా మనిషికి ఆపద వచ్చినా జీపు వెళ్లాలి కాబట్టి.

మట్టిదారి పాడయ్యేది ముఖ్యంగా రెండు కారణాల వల్ల, ఒకటి నీళ్లు, రెండోది మోటారు చక్రాల వేగం. ఎండాకాలంలో జీపులు వేగంగా తిరిగితే వదులు గ్రావెల్ సిమెంటు రేకులా అలలు అలలుగా లేస్తుంది. సైకిళ్ల వల్ల ఆ బెడద దాదాపు లేదు, అందుకే గేటు పెడితే సగం మరమ్మతు తగ్గినట్టే. మిగతా సగం నీళ్లది. దారిని ఒక పక్కకు వాలుగా, మీటరుకు నాలుగైదు సెంటీమీటర్లు దిగేలా ఉంచితే వాన నీరు దారి వెంట పరిగెత్తకుండా లోయ వైపు జారిపోతుంది. దారి చదును చేసే గ్రేడరు యంత్రం తోలేవాళ్లు చేసే మామూలు తప్పు, గీకిన మట్టిని రెండు అంచుల్లోనూ గట్టులా వదిలేయడం. అప్పుడు దారే వాగు అవుతుంది. ఎక్కుడు ఉన్న చోట దారికి అడ్డంగా చిన్న మట్టికట్టలు వేయాలి: పది మీటర్లకు ఒక మీటరు ఎక్కే చోట 25 మీటర్లకొకటి, ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎక్కే చోట 40 మీటర్లకొకటి. అవి నేరుగా అడ్డంగా ఉండకూడదు, 30 డిగ్రీలు ఏటవాలుగా ఉండాలి. నేరుగా వేస్తే నీళ్లు నిలబడి కట్టను తెంచుకుని పోతాయి. సైకిల్ ఎగిరిపడకుండా కట్ట గుండ్రంగా, జానెడుకు మించని ఎత్తులో ఉంటే చాలు. పెద్ద వాన పడ్డాక ఒకసారి వెళ్లి నీళ్లు బయటికి పోయే మూతిలో చేరిన ఆకులు, ఒండ్రు తీసేయాలి. పార పట్టిన మనిషికి పూటపని. కట్టలు తెగిపోతున్నాయని సిమెంటు వేయమంటారు గానీ తెగేది ఈ మూతి పూడిపోవడం వల్లే.

గుంట పూడ్చాలంటే 40 ఎం.ఎం. కంకర తెచ్చి గుమ్మరించవద్దు. దాని మీద సైకిల్ నడవదు, చెప్పుల్లేని కాలు అసలే నడవదు. జిగురున్న గ్రావెల్ కావాలి. తడిపి పిడికిట నొక్కితే ముద్దలా నిలవాలి, చేతికి బురదలా అంటుకోకూడదు. పది సెంటీమీటర్ల మందాన పరిచి, తడిపి, రోలరు తిప్పితే ఏడున్నరకు దిగి గట్టిపడుతుంది. మీటరున్నర వెడల్పు చాలు. ఉపాధి పనుల్లో ఊళ్లవాళ్లే చేసుకోగలిగినది ఇదంతా.

సైకిల్ తొక్కేవాళ్లకూ షరతులు ఉండాలి. గట్టి వాన పడ్డాక రెండు రోజులు దారి మూసేయాలి. తడి ఎర్రమట్టి మీద తొక్కితే గాడి పడుతుంది, ఆ మట్టి చక్రానికీ ఫ్రేముకీ మధ్య పేరుకుని సైకిలూ కదలదు. సైకిల్‌కు గంట తప్పనిసరి. సైకిల్ చప్పుడు చేయదు, మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి ఉలిక్కిపడితే కింద పడుతుంది. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందూ చీకటి పడ్డాకా ప్రవేశం ఉండకూడదు, ఆ పూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి. శీతాకాలం మొదట్లో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి, ఫొటో కోసం చేలోకి దిగితే జరిమానా వేయాలి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు, ఎంత మంచి సైకిల్ ఉన్నా సరే.

ఇలాంటివి ఎక్కడా లేవని అనేవాళ్లకు: నెదర్లాండ్స్‌లో హోగె వేలువె అనే 5,400 హెక్టార్ల జాతీయ ఉద్యానం ఉంది. చెట్లు పలచగా ఉన్న పొదల బయళ్లు, ఇసుక, పైన్ అడవి. లోపల సైకిళ్లకు విడిగా దారులున్నాయి, లోపలికి వచ్చినవాళ్లు ఉచితంగా వాడుకోవడానికి సుమారు 1,800 తెల్ల సైకిళ్లు ఉంటాయి. అమెరికాలోని కాన్సాస్‌లో ఎంపోరియా అనే చిన్న పట్టణం 2006 నుంచి తారు లేని పల్లెదారుల మీద 200 మైళ్ల పందెం పెట్టి పేరు తెచ్చుకుంది. మనకు పందెం అక్కర్లేదు, ఆదివారం పూట నలుగురు వచ్చి ఊళ్లో అన్నం తిని వెళ్లినా చాలు.

ఏ దారి మూయాలి, ఏది తెరవాలన్నది భువనేశ్వర్‌లో తేలకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలను నియంత్రించే అధికారం గ్రామసభకు ఇచ్చింది, అంటే మన దగ్గర పల్లిసభకు. పశువులు ఎటు మేస్తాయో, పూజ కొండ ఏదో, అక్కడికి బయటివాళ్లు ఎందుకు రాకూడదో వాళ్లకే తెలుసు. వాళ్లు వద్దన్న దారిని పటంలో చూపించకూడదు. ఒప్పుకున్న చోట ప్రవేశ రుసుము వన సురక్షా సమితికే చెందాలి.

జిల్లా కలెక్టరు, అటవీ అధికారి ముందుగా ఒక్క దారిలో ఇది చేసి చూపించాలని కోరుతున్నాం. స్తంభాలు, బండలు, మట్టికట్టలు మే నెలలోగా పూర్తికావాలి. జూన్ దాటితే తవ్విన మట్టి తవ్వినట్టే కొట్టుకుపోతుంది.

ఇట్లు,
సైకిల్ తొక్కే కొందరు తెలుగువాళ్లం,
సునాబెడ, సిమిలిగుడ (కోరాపుట్ జిల్లా)