కుబెర్నెటిస్ అంటే సరంగేరా!

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? రాత్రి డ్యూటీలు తగ్గాయా, ఇంకా అదే టెన్షనా? బోలెడు కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడిపించే మీ సాఫ్ట్‌వేర్ ఉందే, ఆ కుబెర్నెటిస్‌కి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో చెప్పమని తిట్టుకుంటూ అడిగావుగా. సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ వాళ్లు 2014లో బయటపెట్టారు గానీ, మాట మాత్రం ప్రాచీన గ్రీకులది. 'కుబెర్నావో' అంటే ఓడకి చుక్కాని పట్టడం. పట్టేవాడు కుబెర్నెటిస్, అంటే మన సరంగే. మీ కుబెర్నెటిస్ లోగోలో ఉన్న ఓడ నడిపే చక్రం ఆ గ్రీకులకి తెలీదు. ఓడ వెనక రెండు పక్కలా పెద్ద తెడ్లు కట్టి, వాటితోనే దారి తిప్పేవాళ్లు.

హోమర్ 'ఒడిస్సీ'లో ఫ్రాంటిస్ అనే సరంగు ఉన్నాడు. గాలివానలో ఓడ నడపడంలో వాణ్ని మించినవాడు లేడట. ఏథెన్స్ దగ్గరి సౌనియన్ మొన దగ్గర చుక్కాని చేతిలో ఉండగానే ప్రాణం పోయింది. ఇల్లు చేరాలని ఎంత తొందరున్నా, ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తున్న అతని రాజు మెనెలావుస్ అక్కడ ఆగి అంత్యక్రియలు చేసే కదిలాడు.

ఈ 'కుబెర్నావో' అనే మాట ఎక్కడ పుట్టిందంటే పండితులకే పేచీ. బండి నొగని సంస్కృతంలో 'కూబరం' అంటారు కదా, దానికీ దీనికీ చుట్టరికం కలిపారు కొందరు. నాకైతే అది అతకలేదు. గ్రీకులు రాకముందు ఆ తీరాల్లో ఉన్నవాళ్ల మాటే అయ్యుంటుందన్న వాదన నయం. లాటిన్‌వాళ్లు దాన్నే 'గుబెర్నారే' చేసుకున్నారు, అందులోంచే గవర్నరూ, గవర్నమెంటూ. 1948లో గణితవేత్త నార్బర్ట్ వీనర్, యంత్రాల్లోనూ ప్రాణుల్లోనూ అదుపు ఎలా సాగుతుందో చెప్పే శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టిందీ ఇందులోంచే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు వాడిన 'కుబెర్నేసిస్' కూడా ఈ ఇంటిదే. మన తెలుగు బైబిల్లో అక్కడ 'ప్రభుత్వములు చేయువారు' అని ఉంటుంది.

అసలు నాకు నచ్చింది ప్లేటో రాసిన 'గోర్గియాస్' అనే సంభాషణలో సోక్రటీస్ చెప్పే సరంగు. ఏథెన్స్‌కి దగ్గర్లోని ఏజినా ద్వీపం నుంచి క్షేమంగా తెచ్చినందుకు రెండు ఓబోల్‌లు, అంటే చిల్లర నాణేలు, తీసుకుంటాడు. ఈజిప్టు నుంచి పెళ్లాం పిల్లలతో, సామానుతో సహా తెచ్చినా మహా అయితే రెండు డ్రాక్మాలు (డ్రాక్మా అంటే ఆరు ఓబోల్‌లు). అందర్నీ దింపేసి, ఏ గొప్పా లేకుండా ఓడ పక్కన ఒడ్డున తిరుగుతుంటాడు. ఎందుకో తెలుసా? మునిగిపోకుండా కాపాడిన వాళ్లలో ఎవరికి మేలు చేశాడో, ఎవరికి కీడు చేశాడో తనకే తెలియదు కాబట్టి! నయంకాని జబ్బుతో బాధపడేవాడిని బతికించడం వాడికి మేలేనా అని అతని సందేహం. గవర్నర్లకి ఇలాంటి సందేహాలు వస్తాయంటావా?

అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు. దసరాకి వస్తున్నావో లేదో వెంటనే రాయి.

నీ,
మూర్తి