పల్లెదారులు ఎందుకు వంకర తిరుగుతాయి

ప్రియమైన మిత్రమా,

నువ్వు క్షేమమని తలుస్తాను. చిన్న పల్లెల్లో దారులన్నీ అంత వంకరగా ఎందుకుంటాయని, తిన్నగా వేసుకుంటే బోలెడు దూరం కలిసివచ్చేది కదా అని అడిగావు. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. పల్లెదారి ఎటు పోవాలో చాలావరకు నీరే తేల్చిపెడుతుందన్నది నా గట్టి నమ్మకం.

అందుకే పటం చేతికి తీసుకోగానే దారుల జోలికి పోకుండా, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన కాంటూరు రేఖలను ముందు చూడు. అవి దగ్గరదగ్గరగా ఉంటే వాలు ఎక్కువ, ఎడంగా ఉంటే నేల చదును. ‘వి’ ఆకారంలో వంగి, మొన ఎగువవైపు తిరిగి ఉంటే అక్కడ వాగో వంకో ఉన్నట్టు లెక్క. పాత బండిబాటలు వీలైనంతవరకు రెండు వాగుల నడుమనున్న మిట్ట వెంబడి పోతాయి, ఎందుకంటే నీళ్లు రెండు పక్కలకూ విడిపోయే ఆ మిట్ట మీద దాటవలసిన ప్రవాహమంటూ ఉండదు, వాన వెలిశాక నేల కూడా త్వరగా ఆరుతుంది. ఇళ్లు మాత్రం చాలాచోట్ల కాస్త దిగువన, నీరు ఇంకే పొర కింద బంకమట్టి అడ్డుపడి ఊటలు పైకి వచ్చే చోట వరుసగా వెలుస్తాయి. మిట్ట మీది బాటకూ ఊట దగ్గరి ఇళ్లకూ మధ్య ఏటవాలుగా దిగే దారులే నువ్వు చూసిన వంకరలలో చాలా భాగం.

నేలతో నిమిత్తం లేకుండా గీటు పెట్టి వేసిన దారులూ ఉన్నాయి. అమెరికాలో 1785 నాటి ల్యాండ్ ఆర్డినెన్స్ అనే చట్టం భూమిని ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కొక్కదానిని మళ్లీ 640 ఎకరాల 36 ముక్కలుగా విభజించింది. మధ్య పశ్చిమ రాష్ట్రాల పల్లెదారులు ఎన్నో నేటికీ ఆ గీతల మీదే నడుస్తాయి. అయితే భూమి గుండ్రం కనుక ఉత్తరానికి పోయేకొద్దీ ఆ నిలువు గీతలు దగ్గరవుతాయి, దానిని సరిచేసే రేఖ వచ్చినచోట తిన్నని దారి కూడా చటుక్కున పక్కకు తిరిగి, మళ్లీ తన దిక్కు పట్టుకుంటుంది. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక డొంకల సంగతి. బండిచక్రాలు మట్టిని వదులు చేస్తాయి, వాన దానిని కడిగేస్తుంది, ఏళ్లు గడిచేసరికి బాట పొలాలకంటే లోతుగా దిగిపోయి తానే కాలువ అవుతుంది. అటువంటి దారిని మెరక చేయకుండా, పక్కన కాలువలు తీయకుండా పైన తారు పోస్తే ఎంత డబ్బయినా నీళ్లపాలే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది కల్వర్టుల పట్ల అశ్రద్ధ. తూము సన్ననిదైతే వరద ఎగువన నిలిచి, చివరకు దారి మీదుగా పొర్లుతుంది; ఆ సన్నని తూములో దూరిన నీరు దిగువ మొన దగ్గర వేగంగా దూకి మట్టిని తవ్వేస్తుంది. అక్కడ మొదట చిన్న గుంత, తరువాత తూము కింద బోలు, ఆపైన పగుళ్లిచ్చిన రోడ్డు అంచు కనిపిస్తాయి. పైనుంచి వాహనంలో పోయేవారికి ఇవేమీ కనబడవు, కిందికి దిగి చూడాలి.

బరువు సంగతి కూడా మరిచిపోకూడదు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) జరిపిన రోడ్డు పరీక్షల ప్రకారం, ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుంది. రోజంతా తిరిగే తేలికపాటి బండ్లకంటే, పంటకాలంలో తడినేల మీద నిండుగా వచ్చే లారీయే పల్లెదారిని ఎక్కువ దెబ్బతీస్తుంది. కాబట్టి దారిని వెడల్పు చేయాలని ఎవరైనా నీ దగ్గర ప్రస్తావిస్తే, పక్క కాలువల్లో పూడిక తీశారా, తూముల నోళ్లు తెరిచి ఉన్నాయా అని ముందు అడుగు. వీలైతే జోరువాన కురుస్తుండగానే ఆ దారి వెంట నడిచి, నీరు ఎక్కడ నిలుస్తోందో పటం మీద గుర్తు పెట్టి నాకు పంపించు.

ఇట్లు,
నీ మిత్రుడు