కాడ పొట్టిదా, పొడవుదా అన్నది ఎముక చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

తుంటి మార్పిడి శస్త్రచికిత్సలో కృత్రిమ బంతిని నిలపడానికి తొడ ఎముకలోకి దించే పొట్టి లోహపు కాడల గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. కొత్త పద్ధతిని పరిచయం చేసినందుకు సంతోషమే గాని, పొట్టి కాడ అందరికీ మేలైన రకమన్నట్టు రాయడం వల్ల మా నల్లగొండ ప్రాంతపు పాఠకులు పొరపడే అవకాశం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డాక్టరును కాను. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించి రిటైరయ్యాను. రెండేళ్ల కింద మా బావమరిదికి ఎడమ తుంటి మార్చినప్పుడు ఆస్పత్రిలో దగ్గరుండి చూసుకున్నాను.

మా ఊళ్లలో కాలికి ఏ ఆపరేషన్ చేసినా ‘రాడ్డు వేసిన్రు’ అనే అంటారు. విరిగిన ఎముకను అతికించడానికి వేసే రాడ్డు వేరు, ఇది వేరు. తుంటి మార్పిడిలో తొడ ఎముక పైకొసన ఉండే పాడైన బంతిని కోసి తీసేసి, కటి ఎముక గుంతలో గిన్నెను, అందులో తిరిగే కృత్రిమ బంతిని అమరుస్తారు. ఆ బంతిని మోసే లోహపు కాడను తొడ ఎముక లోపలి బోలులోకి దించుతారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జను పాలిథిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) గిన్నెతో ఈ శస్త్రచికిత్సను ఒక దారికి తెచ్చిన తర్వాత చాలాకాలం పాటు ఎక్కువగా వాడినవి తొడ ఎముకలో బాగా కిందికి దిగే కాడలే. పొట్టి కాడ సాధారణంగా 12 సెంటీమీటర్ల లోపే ఉండి, ఎముక పైభాగంలోనే పట్టు చిక్కించుకుంటుంది.

దీని వెనుక ఉన్న ఆలోచన సరైనదేనని ఒప్పుకోవాలి. ఎముక బరువు మోసినచోట గట్టిపడుతుంది, మోయనిచోట పలచబడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రాన్ని గ్రంథస్థం చేశాడు. తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడల్లా రోజూ తాళ్లెక్కే గీత కార్మికుని కాలినీ, ఏడాదిగా మంచం పట్టిన మనిషి కాలినీ పోల్చి చెప్పేవాణ్ణి. పొడవు కాడ బిగిస్తే శరీర బరువు గట్టి లోహం గుండా నేరుగా కిందికి దిగిపోయి, పైభాగపు ఎముకకు పని తగ్గి, అది క్రమంగా సన్నగిల్లవచ్చు. కొందరికి తొడ మధ్యలో నొప్పి కూడా వస్తుంది. పొట్టి కాడ బరువును పైభాగానికే అప్పగిస్తుంది గనుక ఈ బెడద తగ్గుతుందని ఆశ. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది: ఎముకకు బాగా అతుక్కుపోయిన పొడవు కాడను మళ్లీ తీయాల్సి వస్తే ఒక్కోసారి తొడ ఎముకను నిలువునా చీల్చాల్సి వస్తుంది, పొట్టి కాడ అయితే కింది ఎముక రెండో ఆపరేషనుకు చెక్కుచెదరకుండా మిగిలే అవకాశం ఎక్కువ.

మా బావమరిది వయసు అప్పటికి నలభై ఒకటి. తాటిచెట్టు మీది నుంచి పడి తొడ ఎముక మెడ విరిగితే స్క్రూలు వేశారు. ఏడాదిన్నర తిరిగేసరికి రక్తప్రసరణ అందక బంతి చచ్చుబడింది. ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశాల్లో ఇటువంటి ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీల లెక్కలతో 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన పరిశీలన ప్రకారం, మార్చిన తుంట్లలో 25 ఏళ్లు నిలిచేవి నూటికి సుమారు 58. అంటే నలభై ఏళ్లకే తుంటి మార్పించుకున్నవాడు రెండో ఆపరేషను గురించి కూడా ఆలోచించుకోవాల్సిందే, అలాంటివాడికి పొట్టి కాడ వాడదామా అని డాక్టరు ఆలోచించడం న్యాయమే.

అయితే డెబ్బై ఏళ్ల అవ్వ సంగతి అది కాదు. ఎముక గుల్లబారి లోపలి బోలు వెడల్పైనప్పుడు పొట్టి కాడకు పట్టు దొరకకపోవచ్చు. అటువంటివారికి ఎముకల కోసం వాడే ప్రత్యేక సిమెంటుతో బిగించే పాత పద్ధతే చాలాసార్లు భద్రం. తొడ ఎముక ఆకారం పుట్టుకతోనే తేడాగా ఉన్నవారి విషయంలోనూ తొందరపడకూడదు. పైగా పొట్టి కాడ దించేటప్పుడు పక్కకు ఒరిగే వీలు ఎక్కువ గనుక చెయ్యి తిరిగిన సర్జను కావాలి. ఇక ఈ కాడ వేస్తే కింద కూర్చోవచ్చు, పీట మీద భోంచేయవచ్చు అని మీ వ్యాసంలో రాసిన మాట నాకు మింగుడుపడలేదు, ఎందుకంటే అది కాడ పొడవు కన్నా బంతి పరిమాణం మీద, గిన్నెను ఏ కోణంలో అమర్చారన్న దాని మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది.

మా జిల్లాకు మరో చిక్కుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎంతో మించిన ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరాలున్నాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, చిన్ననాడే బొక్కల్లో చేరిన ఫ్లోరైడు అంత తొందరగా పోదు. అలాంటి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, దృఢంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. లోపలి బోలు ఇరుకవుతుంది. కాడను సుత్తితో కొట్టి దించేటప్పుడు బీటలు వారే భయమూ ఉంటుంది. ఇరుకు బోలులో పొడవు కాడ పట్టదని పొట్టిది ఎంచుకోవాలా, పెళుసుదనం చూసి వద్దనుకోవాలా? 1979 నుంచి తుంటి లెక్కలు రాసుకుంటున్న స్వీడన్ రిజిస్ట్రీలో దీనికి జవాబు వెతకలేము, అక్కడివారు మునుగోడు బోరు నీళ్లు తాగినవారు కారు.

జవాబు దొరకాలంటే ఎవరికి ఏ కాడ వేశారో ఇక్కడే రాసి ఉంచాలి. మా బావమరిది డిశ్చార్జి కాగితం మీద ‘టోటల్ హిప్ రీప్లేస్‌మెంట్, ఎడమ’ అని తప్ప మరొక్క ముక్క లేదు. ఇంప్లాంటు (శరీరంలో అమర్చే పరికరం) డబ్బాలో రకం, సైజు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య) ముద్రించిన స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్ షీటుకు అతికిస్తారు, మరొకటి రోగికి ఇస్తే అయ్యే ఖర్చేమీ లేదు. అది అడగడానికి నేను మూడుసార్లు హైదరాబాదు బస్సెక్కాను. మూడోసారి జిరాక్సు ఇచ్చారు, వేసింది పొట్టి కాడేనని అప్పుడు తెలిసింది.

ఇది నా చాదస్తం కాదు. రెండు లోహాలు ఒరుసుకునే ఏఎస్ఆర్ రకం తుంటి ఇంప్లాంటును డీప్యూ సంస్థ 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు, మన దేశంలో వాటిని అమర్చుకున్న వేలమందిలో చాలామంది ఆచూకీ దొరకలేదు. ఆ లోపం కాడ పొడవుకు సంబంధించినది కాకపోయినా, కాగితం లేని రోగికి కబురు కూడా అందదని అప్పుడు తేలింది. ధర విషయమూ ఉంది: 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించిన కేంద్రం అప్పుడు తుంటిని ముట్టుకోలేదు. దానితో ‘కొత్త రకం’ అన్న మాటకే విడిగా వెల కట్టే వీలు మిగిలింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఎముకల విభాగాలు తమ వద్ద తుంటి మార్పిడి చేయించుకునే ప్రతి రోగికీ కాడ రకం, సైజు, లాట్ నంబరు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ఒక వాక్యం తెలుగులో రాసిన చీటీ ఇవ్వాలని, రోగి ఫ్లోరైడు ప్రాంతం వాడైతే ఆ సంగతిని రికార్డులో తప్పక రాసుకోవాలని, ఆరోగ్యశ్రీ కింద చేసే ప్రైవేటు ఆస్పత్రులకూ ఇదే షరతు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా