పాచిక తీసేశాకే అంగారకుడు దొరికాడు

సంపాదకులకు నమస్కారం.

మీ పిల్లల పేజీలో అంతరిక్షం మీద క్విజ్ వచ్చినప్పుడల్లా మా అబ్బాయి జవాబులు నింపుతాడు. వాడికి తొమ్మిదేళ్లు. నేను డిగ్రీలో సైన్సు చదివాను, ఇప్పుడు ఇంట్లోనే బట్టలు కుడుతున్నాను. క్విజ్ బదులు అప్పుడప్పుడు ఒక ఆట అచ్చు వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

వాడి పుట్టినరోజుకి ఎవరో ఒక అంతరిక్షం ఆట పెట్టె ఇచ్చారు. లోపల అన్నీ ప్రశ్నల కార్డులే. శనికి ఎన్ని చందమామలు అని ఒక కార్డు, వెనక 62 అని జవాబు. వాడు బట్టీ పట్టేశాడు. ఆ అంకె ఎప్పుడో పాతబడింది. మధ్యలో పెరుగుతూ వచ్చి, 2025లో ఒక్క విడతలోనే శనికి 128 కొత్త ఉపగ్రహాలు చేరి లెక్క 274కి వెళ్లింది. ఆ సంగతి చెబితే పాపం వాడి ముఖం చిన్నబోయింది.

ఆ సాయంత్రమే ఒక రబ్బరు బంతి పట్టుకుని ఇది భూమి అన్నాను. వెడల్పులో దానికి పావు వంతు కన్నా కాస్త పెద్దదైన ఇంకో బంతి చందమామ. ఎంత దూరంలో పెట్టాలిరా అంటే జానెడు దూరంలో పెట్టాడు. పుస్తకాల్లో బొమ్మలు అలాగే ఉంటాయి మరి. మిషన్ మీది దారం తీసి పెద్ద బంతి నడుముకి తొమ్మిదిన్నర చుట్లు చుట్టించి, విప్పించాను. ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొసతో వాడు వెనక్కి నడిచి నడిచి అవతలి గోడ దగ్గర ఆగాడు. "అమ్మా, ఇంత దూరమా!" అన్నాడు. 3,84,400 కిలోమీటర్లన్న అంకె వాడికి ఏడాది కిందటే వచ్చు. మా బంతి 12 సెంటీమీటర్లది. ఆ లెక్కన సూర్యుడు 13 మీటర్ల బంతి, 1,400 మీటర్ల అవతల ఉండాలి. అది విని వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత కటింగుకి వాడే అట్ట మీద సుద్దతో రెండు చుట్లు గీశాం. లోపలి చుట్టు భూమిది, 12 గళ్లు. బయటిది అంగారకుడిది, 23 గళ్లు. గడికి ఒక నెల. గ్రహాలకి రెండు బొత్తాలు, నౌకకి ఒక చిన్న బొత్తాం. మొదట పాచికతో ఆడించాను. పిల్లలు బాగా అరిచారు, నవ్వారు, కానీ ఏమీ నేర్చుకోలేదు. ఎవరి అదృష్టం బాగుంటే వాళ్ల నౌక చేరేది. పాచిక తీసేశాను. వంతు వంతుకీ రెండు గ్రహాలూ ఒకే దిక్కుగా తలా ఒక గడి జరుగుతాయి. తక్కువ ఇంధనంతో వెళ్లే నౌక సూర్యుడి చుట్టూ అర చుట్టు తిరిగి అవతలి పక్కకి చేరుతుంది. దానికి తొమ్మిది వంతులు పడుతుంది. బయలుదేరే వంతు మాత్రం ఆడేవాళ్లే ఎంచుకోవాలి.

అంగారకుడు ఎదురుగా ఉన్నప్పుడు వదిలితే నౌక చేరేసరికి అక్కడెవరూ ఉండరు. పక్కింటి పాప నాలుగుసార్లు తప్పి, ఐదోసారి గళ్లు వేలితో వెనక్కి లెక్కపెట్టుకుంది. అంగారకుడు భూమి కన్నా రెండు మూడు గళ్లు ముందున్నప్పుడు వదలాలని తనే కనిపెట్టింది. ఆ అదను తప్పితే మళ్లీ పాతిక వంతులు ఆగాలి (అసలు లెక్క సుమారు 26 నెలలు). అప్పుడు చెప్పాను, మన మంగళయాన్ 2013 నవంబరు 5న లేచిందనీ, అమెరికా వాళ్ల అంగారక నౌక మావెన్ కూడా అదే నెల 18న బయలుదేరిందనీ. "ఇద్దరికీ అదే అదను కదా ఆంటీ" అంది ఆ పాప. ఏ కార్డులోనూ ఈ జవాబు లేదు.

ఆటలో నియమమే సైన్సు అయి ఉండాలని నాకు అప్పుడే అర్థమైంది. ప్రశ్నలు అతికిస్తే అది పరీక్షే అవుతుంది, పిల్లలకి టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

ఈ రెండు చుట్ల బోర్డు మీ పేజీలో సగం చోటులో పడుతుంది. కత్తిరించుకుని అట్టకి అతికించుకుంటారు, బొత్తాలు ప్రతి ఇంట్లోనూ దొరుకుతాయి. గ్రహాలన్నీ పక్కపక్కన నిలబడ్డ బొమ్మ వేసినప్పుడు మాత్రం దాని కింద 'దూరాలు కొలత ప్రకారం లేవు' అని ఒక్క ముక్క వేయండి. బోర్డు కొలతలు, నియమాలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు