ఎరుపు దిగింది, అందుకే ప్రదర్శన వాయిదా

మా దగ్గర ఏళ్లుగా బొంతలు కొంటున్నవాళ్లకు, ఈసారి ప్రదర్శన కోసం ముందే అడ్వాన్సు కట్టినవాళ్లకు ఈ సంగతి మేమే నేరుగా చెప్పాలి. ఈ నెలాఖరున విజయవాడలో పెట్టాల్సిన అతుకుల బొంతల ప్రదర్శన ఆరు వారాలు వెనక్కి జరిగింది. హాలు దొరక్క కాదు. సిద్ధం చేసిన 14 బొంతల్లో అయిదింటిలో ఎరుపు తెలుపులోకి దిగింది.

ముక్కలన్నీ కలిపి కుట్టడం అయ్యాక బొంతను తడిపి, నేలమీద పరిచి, మూలలు కొలిచి సరిచేసి, అంచుల వెంట పిన్నులు గుచ్చి ఫ్యాను కింద ఆరబెడతాం. అలా చేయకపోతే గోడకు తగిలించినప్పుడు కింది అంచు వంకర పోతుంది. ఆ తడుపులోనే ఎర్ర ముక్కల పక్కనున్న తెలుపంతా గులాబీ చారలైంది. 60 డిగ్రీల వేడినీళ్లలో సబ్బు వేసి రాత్రంతా నానబెట్టి, నీళ్లు నాలుగుసార్లు మార్చాం. నాలుగోసారి కూడా నీళ్లు గులాబీగానే దిగాయి. తెలుపుకు అంటిన మరక వరకే అయితే ఆ వేడికి పోయేది. వదులు రంగు ఎర్రగుడ్డలోనే నిలవుంది.

నూలుకు వాడే రియాక్టివ్ రంగు సోడాతో పోగును పట్టుకుంటుంది. కానీ వేసిన రంగంతా పట్టదు. కొంత నీళ్లతోనే కలిసిపోయి పోగుల మధ్య ఊరికే ఇరుక్కుంటుంది. దాన్ని వదిలించాలంటే ముందు చన్నీళ్లలో జాడించి, సబ్బునీళ్లలో దాదాపు మరిగే వేడి మీద ఉడకబెట్టి, మళ్లీ జాడించాలి. ముదురు ఎరుపుకి రంగు ఎక్కువ పడుతుంది గనక ఒక ఉడుకు చాలదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే అసలు చాలదు. మాకు రంగు అద్దిచ్చేవాళ్లు ఈ తానులకు రెండో ఉడుకు మానేశారు. అడిగితే ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకుని ఊరుకోలేదు, "గోడకి తగిలించే గుడ్డకి ఇంత రాద్ధాంతమా" అన్నారు. ఆ మాట మాత్రం మేం మింగలేకపోతున్నాం.

మా తప్పూ ఉంది. వచ్చిన ఆరు తానుల్లో మొదటిదాన్నే పరీక్షించాం, అదీ చన్నీళ్లలో. ప్రతి తాను నుంచీ నాలుగంగుళాల ముక్క కోసి, తెల్లగుడ్డకు కుట్టి, వేడి సబ్బునీళ్లలో అరగంట ఉంచి, రెంటినీ అలాగే మడతపెట్టి ఆరనివ్వాలి. దండెం మీద వేస్తే నీళ్లు కారిపోతాయి, అసలు గుట్టు తెలియదు.

అయిదింటిలో ఒకటి తేలిగ్గానే తేరుకుంది. అది ముగ్గు బొంత. 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు పెట్టే ముగ్గు లెక్కలో, 169 చుక్కలకు 169 ఆరుపలకల ముక్కలు. కాగితం అచ్చు మీద మడిచి చేత్తో కుట్టిన పని. నడిమి ముక్క, దాని చుట్టూ రెండు వరుసలు, మొత్తం 19 ఎర్రవి. ఇంకా దూది, అస్తరు వేయలేదు గనక ఒక్కో దానికి ఆరు వైపులా కుట్టు విప్పితే చాలు, పక్క ముక్క కదలదు. మరక పడ్డ తెల్ల ముక్కలనూ అలాగే మార్చాం.

ఎనిమిది కోణాల నక్షత్రం అలా కాదు. ఎనిమిది పెద్ద డైమండ్లు, ఒక్కోదాంట్లో తొమ్మిదింటికి తొమ్మిది చొప్పున మొత్తం 648 చిన్న ముక్కలు. మధ్య నుంచి లెక్కపెడితే 17 రంగుల చుట్లు. 5, 9, 13 చుట్లు ఎరుపు, అంటే 152 ముక్కలు. ఈ ముక్కలు విడివిడిగా కోసినవి కావు. రెండంగుళాల పట్టీలు కలిపి కుట్టి, 45 డిగ్రీల ఏటవాలున కోసినవి. కోసిన ఆ అంచు నేత పోగులకు ఐమూలగా ఉంటుంది, విప్పితే సాగిపోతుంది. కుట్టు లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి: పావు అంగుళం పట్టాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా, ఒక్కో కుట్టుకు రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది కుట్లకు ఒక అంగుళం తక్కువ. పెద్ద డైమండ్ల కోణం ఒక్కో డిగ్రీ పెరిగితే ఎనిమిదీ కలిసే చోట ఎనిమిది డిగ్రీలు మిగిలి, గుడ్డ అలలు తేలుతుంది. తగ్గితే గుడారంలా పైకి లేస్తుంది. పైగా నేతగుడ్డ మీద పాత సూది రంధ్రాలు కనబడతాయి. అందుకే ముక్కలు మార్చడం లేదు, నక్షత్రం మొత్తం మొదటినుంచీ కోసి కుడుతున్నాం. మిగతా మూడు కూడా అంతే.

ఈ నిర్ణయానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. తగిలించేస్తే సరిపోతుంది, గోడ మీది బొంతను ఎవరు ఉతుకుతారు అని మేలుకోరే వాళ్లే చెప్పారు. రంగు నిలిపే ఫిక్సర్ రసాయనంలో ముంచమన్నారు ఇంకొందరు. ఫిక్సర్ కొన్ని ఉతుకుల వరకే ఆపుతుంది, కొన్ని రంగులను వెలుతురుకి త్వరగా వెలిసేలా చేస్తుంది. దీపాల కింద వేలాడే బొంతకు అది రెండో దెబ్బ. ఇక గోడ మాటంటారా, 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం చిత్రపటాల్లా గోడకు తగిలించినవి మంచం మీద కప్పుకోవడానికి కుట్టిన బొంతలే. అమెరికాలోనే అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊరి ఆడవాళ్లు పాత పని బట్టలు చింపి కుట్టిన బొంతలూ కప్పుకున్నాకే మ్యూజియాలకెక్కాయి. ఉతకడానికి పనికిరానిదాన్ని బొంత అని మేం అమ్మం. వర్షాకాలం గోడ చెమ్మ తగిలినా దిగే ఎరుపు అది.

అడ్వాన్సు వెనక్కి కావాలన్నవాళ్లకు పూర్తిగా ఇస్తాం, కారణం చెప్పనక్కర్లేదు. ఆగుతామన్నవాళ్లకు పాత ధరే. కొత్త ఎర్రగుడ్డకు రెండో ఉడుకు, మూడో ఉడుకు మా దగ్గరే, మా కళ్ల ముందే. ఎంత తేలిక పనైనా సరే, ఎరుపును ఇంక బయటికి పంపం.

గత మూడు నెలల్లో మా దగ్గర ఎర్ర ముక్కలున్న దిండు గలీబు, పక్క బొంత కొన్నవాళ్లు ఒక పని చేయండి. తెల్లగుడ్డను తడిపి ఎర్ర ముక్క మీద పరిచి, ఆవిరి వచ్చేదాకా ఇస్త్రీపెట్టె అదమండి. తెలుపు గులాబీ అయితే ఉతక్కుండా మాకివ్వండి, మార్చిస్తాం. ఇప్పటికే ఉతికి రంగు దిగి ఉంటే బ్లీచింగ్ జోలికి వెళ్లొద్దు, ఆరబెట్టొద్దు. పెద్ద టబ్బులో బొంత తేలేటన్ని వేడినీళ్లు పోసి, సబ్బు వేసి, పూర్తిగా మునిగేలా పెట్టి మాకు కబురు చేయండి.