ప్రెస్సు మేడ తెరుచుకుంది: చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

రాసుకునేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు వచ్చి కూర్చోవడానికి తెనాలిలో ఒక చోటు ఏర్పడింది. ఆగస్టు 19న తలుపులు తీశాం. రణరంగ చౌక్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మూతపడిన ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీది మేడ అది. ఒక పెద్ద హాలు, రెండు చిన్న గదులు, వాన లేకపోతే వాడుకోగలిగిన డాబా. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఏదో గంభీరమైన పేరే రాశాం గానీ, ఊళ్లో అందరూ "ప్రెస్సు మేడ" అనేస్తున్నారు. అదే స్థిరపడేలా ఉంది.

ప్రారంభం రోజునే అందరికీ కృతజ్ఞతలు చెబుదామనుకున్నాను. మైకు పట్టుకున్న పెద్దలు ఒక పట్టాన వదల్లేదు. నా వంతు వచ్చేసరికి ఉప్మా చల్లారిపోతోందని వెనక నుంచి కేకలు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. తమ పేర్లు వద్దని చాలామంది ముందే చెప్పారు. ఒకరి పేరు రాసి ఇంకొకరిది వదిలేస్తే మన ఊళ్లో ఏమవుతుందో నాకూ తెలుసు. కాబట్టి ఎవరి పేరూ ఉండదు. చదివితే ఎవరికి వారికే తెలుస్తుంది.

ముందుగా ప్రెస్సు బాబాయిగారు. వాళ్ల నాన్నగారి కాలంలో కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మెషీన్ల మీద శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, కవితా సంపుటాలు పగలూ రాత్రీ అచ్చయిన చోటు అది. ఆఫ్‌సెట్ వచ్చి ట్రెడిళ్లు ఆగిపోయాక మేడ ఖాళీగా పడి ఉంది. మేం అద్దె మాట ఎత్తితే, "కరెంటు బిల్లు మీరు కట్టుకోండమ్మా, మిగతాది తరవాత చూద్దాం" అన్నారు. ఒక్కటే షరతు పెట్టారు. కింద ఉన్న టైపు కేసుల్ని, అంటే సీసం అక్షరాలు పెట్టే గళ్ల పెట్టెల్ని, పాత సీసం కింద ఎవరికీ అమ్మకూడదు. తెలుగు టైపంటే అక్షరానికి ఒక గడి సరిపోదు కదా. గుణింతాలకి, ఒత్తులకి విడివిడిగా గళ్లు కావాలి, కేసులు ఒక గోడంతా ఆక్రమిస్తాయి. ఏ గడిలో ఏముందో చూడకుండా చెప్పగలిగిన కంపోజిటరు తాతగారు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు. ప్రారంభం రోజు ఆయన అక్షరాలు పేర్చే స్టిక్కు చేతపట్టి, వచ్చిన పిల్లల పేర్లన్నీ సీసం అక్షరాలతో కూర్చి, అచ్చు వేసి ఇచ్చారు. ఆ వరస వీధిలోకి వచ్చేసింది. పైన ఫొటోలు చూడ్డానికి వచ్చినవాళ్ల కన్నా కింద ఈ వరసే పెద్దది. ఫొటోగ్రాఫర్లు కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం.

ఆ ఫొటోగ్రాఫర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేను కథలు రాసుకునే మనిషిని, కెమెరా సంగతులు తెలియవు. "స్వతంత్ర ఫొటోగ్రాఫర్లు" అనగానే నా కళ్ల ముందు అడవుల్లో, హిమాలయాల్లో తిరిగేవాళ్లు కనిపించేవారు. ఈ మేడని నిలబెట్టింది మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు. ఆషాఢంలో వాళ్లకి పని ఉండదు. ఆ నెలంతా వచ్చి గోడలు గీకారు, పుట్టీ పెట్టారు, రెండు పూతలు తెల్లరంగు వేశారు. శ్రావణం వస్తే ఒక్కరూ దొరకరని, దానికి ముందే హాలు పూర్తి కావాలని వాళ్లే తొందరపెట్టారు. ప్రారంభానికి తేదీ అనుకున్నప్పుడు పంతులుగారిని అడిగాం. మంచి ముహూర్తం కోసం కాదు, ఆ రోజు పెళ్లి ముహూర్తాలు లేవని ఖాయం చేసుకోవడానికి! ఆయన జీవితంలో ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లు లేరట.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం ఆగస్టు 19న కాబట్టి ఆ రోజే తెరవాలని వాళ్లు. గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం 29న కాబట్టి అప్పుడే తెరవాలని మేం. కొన్ని సాయంత్రాలు ఈ వాదనకే పోయాయి. చివరికి 19న ఫొటోలు కట్టి, 29న కథలు చదివే దాకా దించకూడదని రాజీ కుదిరింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఎవరూ గెలవకపోవడమే మంచిదయింది. ఫొటోలు చూద్దామని వచ్చినవాళ్లు కథల కోసం మళ్లీ వచ్చారు.

ప్రదర్శన ఎలా కట్టాలో కూడా వాళ్లే నేర్పారు. ఫ్లెక్సు మీద వేస్తే చవక కదా అని మాలో ఒకరు అన్నందుకు గట్టిగానే తగిలింది. ల్యాబులో 12x18 సైజులో మ్యాట్ ప్రింట్లు తీయించి, సన్‌బోర్డు అనే తేలికపాటి అట్ట మీద అతికించారు. ట్యూబులైటు పడితే మెరుస్తుందని అద్దం పెట్టనివ్వలేదు. ఫొటో మధ్య భాగం నేలకి దాదాపు ఐదడుగుల ఎత్తులో ఉండాలని తాడు పట్టి కొలిచారు. గోడకి మేకులు కొట్టకుండా వేలాడదీయడానికి పట్టాలు, కొక్కేలు చేసిపెట్టింది మన ఇనుప శిల్పాల తమ్ముళ్లు. పాత ఇనుముతో నిలువెత్తు బొమ్మలు చేసి ఎక్కడెక్కడికో పంపే చేతులు, మా కోసం సైకిలు చైన్లతో కొక్కేలు చేశాయి. ఫొటోల కన్నా ముందు వాటినే చూసినవాళ్లు ఉన్నారు.

అన్నీ సిద్ధమయ్యాక, మరి గోడ మీద ఎవరి ఫొటోలు పెట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. బయటి నుంచి పేరున్నవాళ్లని అడుగుదామనుకున్నాం. అప్పుడు సుల్తానాబాద్ నుంచి వచ్చే ఒక తమ్ముడు సంచిలోంచి హార్డ్ డిస్కు తీశాడు. పెళ్లికి తెల్లవారుజామునే బయల్దేరినప్పుడు దారిలో తీసినవట. కాలువ గట్ల మీద బట్టలు ఉతికేవాళ్లు, దుగ్గిరాల పసుపు కల్లాలు, రేపల్లె రైల్లో చేపల గంపలతో ఆడవాళ్లు, కల్యాణమండపం వెనక గిన్నెలు తోమేవాళ్లు అర్ధరాత్రి తింటున్న భోజనం. ఎవరికీ చూపించలేదేం అంటే, "ఎవరు అడిగారండీ?" అన్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు తమవీ తెచ్చారు. పేరున్నవాళ్లకి ఫోను చేయాల్సిన పని లేకపోయింది. మండపం వెనక తీసిన ఆ భోజనం ఫొటో దగ్గర జనం ఎక్కువసేపు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

రాసేవాళ్ల వైపు కూడా సరిగ్గా ఇలాగే జరిగింది. ఈ చుట్టుపక్కల సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవాళ్లందరికీ, కంప్యూటర్లో పేజీలు కూర్చిపెట్టే డీటీపీ అక్క తెలుసు. డెమ్మీ సైజులో మూడొందలో అయిదొందలో కాపీలు వేయించుకుని, సగం పంచిపెట్టి, సగం మంచం కింద దాచుకునే మా జాతి మొత్తం ఆమె కుర్చీ పక్కన కూర్చుని దిద్దుబాట్లు చెప్పినవాళ్లమే. ఏ కవి ఎక్కడ చుక్కలు ఎక్కువ పెడతాడో, ఎవరికి అరసున్నా మీద మమకారమో ఆమెకి కంఠతా వచ్చు. పాత పుస్తకాలన్నీ ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. వాటిని ఫోన్లోకి తెస్తే తెలుగుకి బదులు ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఎక్కడైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నా ఒత్తులు, సున్నాలు తారుమారవుతాయి, మళ్లీ పేజీ పేజీ చూసుకోవాలి. అక్క తన షాపు కట్టేశాక మేడ మీదికి వచ్చి, మాలో ఒక్కొక్కరి పుస్తకం అలా మార్చిపెడుతోంది. డబ్బు ఇవ్వబోతే కోప్పడింది. అంతేకాదు, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు కోసం ఎవరికీ పైసా కట్టక్కర్లేదని, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుందని దరఖాస్తు చేసి చూపించింది. ఇన్నాళ్లూ మధ్యవర్తులకి డబ్బు కట్టినవాళ్లు తలలు పట్టుకున్నారు.

ఒక రాత్రి ఆమె కంప్యూటర్లో నా ఫైలు వెతుకుతుంటే "టెస్ట్" అని పేరు పెట్టిన ఫైళ్లు వరసగా కనిపించాయి. ఏమిటివి అంటే మాట దాటేసింది. తరవాత తనే చెప్పింది. అవి ఆమె కథలు. ఇరవై ఏళ్లుగా మా రాతలు టైపు చేస్తూ, మధ్య మధ్య రాసుకున్నవి. ఆగస్టు 29న మొదటి కథ చదివింది ఆమే. మగ్గం పని చేసే ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య మాట్లాడుకోకపోవడం గురించి. నేను ఎక్కువ చెప్పను, పుస్తకంగా వస్తోంది. డీటీపీ ఆమెదే కాబట్టి ఖర్చు తగ్గుతుందని ఆమె జోకు.

కాగితాల పని చూసిన ఆడిటరు గారికి ప్రత్యేకంగా దండం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఏడుగురు రచయితల చేత ఒకే బైలా (సంఘం నియమావళి) మీద సంతకాలు పెట్టించడం ఎంత టెన్షనో ఆయనకే తెలుసు. మేం ప్రతి వాక్యాన్నీ తిరగరాయబోతే, "ఇది కథ కాదండీ, రిజిస్ట్రారు చదువుతారు" అని ఆపింది ఆయనే. ప్రతి నెలా జమాఖర్చులు గోడకి అంటించమన్నారు. అంటించాం. గుమ్మం మీద తన పేరు పెద్దక్షరాలతో వేయిస్తే పెద్ద మొత్తం ఇస్తానన్న ఒకరిని మర్యాదగా వద్దన్నాం. వందా, రెండు వందలూ ఇచ్చినవాళ్ల జాబితా గోడ మీద ఉంది, చూసుకోవచ్చు.

రిటైరైన లైబ్రేరియన్ మాస్టారు తన సొంత పుస్తకాలు మూడు రిక్షాల్లో పంపించారు. పుస్తకాల కన్నా ఆయన చెప్పే కబుర్లు మాకు ఎక్కువ ఇష్టం. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి చొరవతో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపిన సంగతి ఆయన నోట వింటుంటే, మనకి మెట్లెక్కి రావడమే కష్టమా అనిపిస్తుంది. గ్రంథాలయాలకి పుస్తకాలు అందించాలన్న 1954 చట్టం ప్రకారం ప్రతి కొత్త పుస్తకం ఒక కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, ఇంకో మూడు గ్రంథాలయాలకీ పంపాలని గుర్తుచేసిందీ ఆయనే. మాలో చాలామంది పంపలేదు. ఇప్పుడు పంపుతున్నాం.

మారీసుపేటలో ఒకప్పుడు పేరున్న స్టూడియో వాళ్ల కుటుంబం రెండు ట్రంకుపెట్టెల నలుపు తెలుపు నెగటివులు ఇచ్చింది. వెండి తీసేవాళ్లు పాత నెగటివులు తూకానికి కొనేవారు. ఎన్నో స్టూడియోల జ్ఞాపకాలు అలాగే కరిగిపోయాయి. ఈ ఇంటి కోడలుగారు మాత్రం వాళ్లకి అమ్మలేదు. పెట్టెలు తెరిస్తే వెనిగరు వాసన గుప్పుమంది. అసిటేట్ ఫిలిం పాడవడం మొదలైతే అలాగే వస్తుందట. ఒక్కొక్కటీ దుమ్ము ఊది, ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలోకి మారుస్తున్నారు కాలేజీ పిల్లలు. న్యూజెర్సీలో ఉంటున్న మన ఊరి అమ్మాయి సెలవులకి వస్తూ, నెగటివులు కూడా స్కాన్ చేసే స్కానరు సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చింది. దాని చుట్టూ తన పిల్లల స్వెటర్లు చుట్టి మరీ! కిరీటాలు పెట్టుకున్న నాటకాల వాళ్లు, మొదటి పుట్టినరోజు పిల్లలు, బడి గ్రూపు ఫొటోలు బయటపడుతున్నాయి. ఇవి మాత్రం ఆయా కుటుంబాలు ఒప్పుకున్నాకే బయట పెడతాం. తొందరపెట్టకండి.

వేళల గురించి అడుగుతున్నారు. సాయంత్రం 5 నుంచి రాత్రి 11 దాకా. అంత రాత్రి ఎందుకని కొందరు అన్నారు. హోటల్లో పనిచేసే ఒక కుర్రాడు మొదట్లోనే వచ్చి, "నేను పదింటికి వస్తే తీసి ఉంటుందా?" అని అడిగాడు. కవిత్వం రాస్తాడట. తమిళనాడు నుంచి వచ్చి, ఇదే ఊళ్లో హోటళ్లలో పనిచేస్తూ తెలుగులో నవలలు రాసి, 1955లో చిన్న వయసులోనే పోయిన ‘శారద’ (నటరాజన్ గారి కలం పేరు) ఊరు ఇది. ఆ కుర్రాడికి లేదని ఎలా చెబుతాం? అతని కోసం రాత్రి కాపలా బాధ్యత తీసుకున్న వాచ్‌మన్ అన్నకి కృతజ్ఞతలు.

ఇంకా కావలసినవి ఉన్నాయి. మెట్లకి ఒక వైపే కమ్మీ ఉంది. కంపోజిటరు తాతగార్ని పైకి కుర్చీలో ఎత్తుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. రెండో కమ్మీ దసరా లోపు పెడతామని వెల్డింగ్ వాళ్లు మాటిచ్చారు. డాబా మీద ఒక మూల ఇంకా కారుతోంది. తేమకి లెన్సులకి బూజు పడుతుంది కాబట్టి, గాలి చొరబడని డబ్బాలు, సిలికా జెల్ ఇస్తే సంతోషం. మీ అటకల మీద పాత నెగటివులు ఉంటే పారేసే ముందు ఒక్కసారి మాకు చూపించండి.

చివరగా, కింది టీ కొట్టు పిన్నిగారు. గోడలకి రంగు వేసిన నెలంతా టీ లెక్క రాయలేదు. అడిగితే, "రాయడం మీ పని కదా" అంది. మేడ తాళం చెవి ఆమె దగ్గరే ఉంటుంది. మేం రాకముందే వస్తే అడిగి తీసుకోండి.